మామిడి కొత్తకి వస్తానన్నారు

పనసగుడ ఫల్గుణ పద్నాలుగేళ్లు మామిడికాయ తినలేదు. మామిడంటే పడక కాదు. వైద్యులు వద్దన్నారా అంటే, వైద్యులు ఆ కొండ ఎక్కితే కదా వద్దనడానికి. ఇంటి వెనక మూడు చెట్లున్నాయి, మూడూ విరగకాసేవే. తినకపోవడానికి కారణం ఒక్కటే. ఒకాయన వస్తానన్నారు. ఆయన వచ్చి ప్రార్థన చేసేదాకా తినకూడదు. ఆయన రాలేదు.

సాలూరు నుంచి ఒరిస్సా వెళ్లే ఘాటీ రోడ్డులో ఒక మలుపు దగ్గర లారీ దిగి, అడ్డదారి పట్టి ఐదు గంటలు ఎక్కితే పనసగుడ వస్తుంది. అక్కణ్ణించి పడమటికి మరో పగలంతా నడిస్తే అరకు లోయ. నాగరికత రెండు వైపులా ఉండడం చేత ఇటువాళ్లు అటువాళ్లు చూసుకుంటారని, అటువాళ్లు ఇటువాళ్లు చూసుకుంటారని అనుకున్నారు. ఇరవై రెండు గడపల ఆ ఊరు ఈ ఏర్పాటుకు ఎన్నడూ అభ్యంతరం చెప్పలేదు. చెప్పాలన్నా వినేవాళ్లు ఐదు గంటల దూరంలో ఉన్నారు.

ఆ కొండల్లో ఏ పంట వచ్చినా ముందు దేవతకు పెట్టి ఆ తర్వాతే మనుషులు ముట్టుకోవాలి. దాన్ని కొత్త అంటారు. కొర్రలకు కొర్ర కొత్త, కందులకు కంది కొత్త, చైత్రంలో మామిడి కొత్త. రోజు పెట్టేవాడూ పూజ చేసేవాడూ దిశారి. దిశారి చెప్పకముందు కాయ కొరికినవాణ్ణి పులి ఎత్తుకుపోతుందని ఒక నమ్మకం. అడవిలో పులులు తగ్గిపోయాయి గానీ నమ్మకం తగ్గలేదు. పనసగుడ దిశారి పేరు భీముడు. అతని చెల్లెలు సోములమ్మే ఫల్గుణ భార్య.

1991 వేసవిలో సాలూరు మిషను నుంచి పాస్టరు గారొకరు ఆ ఊరెక్కారు. పేరు సత్యనారాయణ. మారుమనస్సు పొందింది ఆయనే గానీ ఆయన రేషను కార్డు కాదు కాబట్టి, పేరు అలాగే ఉండిపోయింది. మంచి మనిషి, మంచి కంఠం. పది రోజులున్నారు. ఐదు కుటుంబాలు ఆయన మాట విన్నాయి. అందులో ఫల్గుణది మొదటిది.

పాస్టరు గారిది ముంచే సంఘం. నీళ్లు చల్లి బాప్తిస్మం అనిపించుకునే సంఘాలంటే ఆయనకు గిట్టదు. "చల్లితే సరిపోయేటట్టయితే వాన పడ్డప్పుడల్లా దేశమంతా రక్షణ పొందాలి కదా," అనేవారు. కానీ వేసవిలో పనసగుడ గెడ్డలో నీళ్లు చీలమండ దాటవు. వానాకాలం నీళ్లకు కొదవలేదు, అప్పుడు మనిషి పైకి ఎక్కలేడు. దారి ఉన్నప్పుడు నీళ్లుండవు, నీళ్లున్నప్పుడు దారి ఉండదు. ఈ చిక్కును ఫల్గుణ విప్పాడు. గెడ్డకు అడ్డంగా రాళ్లు పేర్చి, సందుల్లో బంకమట్టీ ఆకులూ కూరి, మూడు రోజుల్లో నడుంలోతు మడుగు తయారుచేశాడు. అందులో తొమ్మిదిమంది మునిగి లేచారు. పదో మనిషి సోములమ్మ. ఆ రోజు ఆమెకు చలిజ్వరం వచ్చి, రెండు గోనెసంచులు కప్పుకున్నా పళ్లు టకటకలాడుతున్నాయి. ఈ స్థితిలో చన్నీళ్లలో ముంచడం భావ్యం కాదన్నారు పాస్టరు గారు.

"వచ్చే ఏడు మామిడి కొత్తకి వస్తాను. ఈమెకి అప్పుడు బాప్తిస్మమిస్తాను. మీ కొత్త మామిడికి కూడా నేనే ప్రార్థన చేస్తాను. విగ్రహాలకు పెట్టింది తినకండి, నేనొచ్చేదాకా ఆగండి," అని చెప్పి ఆయన కొండ దిగారు.

మైదానంలో ఇలాంటి మాటలు మర్యాద కోసం అంటారు, మర్యాద కోసం మరచిపోతారు. కొండ మీద ఆ ఏర్పాటు లేదు. అదీగాక ఫల్గుణ మార్చింది పూజారినే గానీ పద్ధతిని కాదు. దిశారి చెప్పేదాకా కొత్త ముట్టుకోకూడదని పుట్టినప్పటినుంచీ తెలుసు. ఇప్పుడు దిశారి స్థానంలో అయ్యగారున్నారు. అయ్యగారు ఆగమన్నారు. ఆగాడు.

1992 చైత్రం వచ్చింది. మడుగు కట్టారు. ఐదు ఇళ్లవాళ్లూ కాయలు కోసి బుట్టల్లో పెట్టి, సాలూరు దారి వైపు చూస్తూ కూర్చున్నారు. ఊళ్లో డప్పులు మోగి, కొత్త జరిగిపోయి, పదిహేడు ఇళ్లలో మామిడికాయ ఉప్పు నంజుకుని తిన్నారు. భీముడు గడప దగ్గరికొచ్చి, "ఏటి బావా, మీ దేవుడికి ఇంకా ఆకలెయ్యనేదా?" అని పరామర్శించి వెళ్ళాడు. కాయలు పండాయి, పళ్లు కుళ్లాయి, వానలు పడ్డాయి, మడుగు కొట్టుకుపోయింది. ఆ ఏడు ఒక కుటుంబం తినేసింది. మరుసటి ఏడు రెండు. ఆ మరుసటి ఏడు నాలుగో కుటుంబంవాళ్లు కాయలు ఆరగించి, ఆనక ఫల్గుణ దగ్గరికొచ్చి ఏడ్చి, మళ్లీ వెళ్ళి మిగిలినవి తిన్నారు.

సోములమ్మకు మామిడి గొడవ పెద్దగా పట్టలేదు. ఆమె బాధ వేరు. పెళ్లయిన కొత్తలో ఇద్దరు పసిపిల్లలు పోయారు, ఆ తర్వాత సోని పుట్టింది. పోయినవాళ్లను మళ్లీ చూస్తామని పాస్టరు గారు చెప్పిన ఆ ఒక్క మాటకే ఆమె కొత్త దేవుడి వైపు తిరిగింది. పోయినవాళ్లంతా లేచే ఆ రోజున, మునిగినవాళ్లూ పసిపిల్లలూ ఒకవైపు నిలబడతారని కూడా ఆయన చెప్పారు. ఫల్గుణ మునిగాడు. తను మునగలేదు.

"మనూరికి రెండు దారులున్నాయి సూడు, అలాగ," అనేది మడుగుకు రాళ్లందిస్తూ. "ఆ రోజు నువ్వు సాలూరు దిక్కు దిగిపోతావు. నేను అరకు దిక్కు. పిల్లలు నీకాడుంటారు. నాకెవులుంటారు?"

ఫల్గుణ రాయి సర్ది, "అయ్యగారు వత్తారు," అనేవాడు. అతనికి వేరే సమాధానం ఉండేది కాదు. ఉన్న ఒక్కదాన్నే ఏటేటా శుభ్రంగా తుడిచి వాడేవాడు.

ఊరికే కూర్చున్నాడని అనడానికీ లేదు. 1994లో సాలూరు దిగాడు. మిషను కాంపౌండు గేటుకు రెండు తాళాలు వేలాడుతున్నాయి. అప్పటికి ఆ సంఘం రెండు కమిటీలుగా చీలి, ఒకరు వేసిన తాళం మీద మరొకరు తాళం వేసుకుని, కోర్టులో పోరాడుతున్నారు. ప్రేమను గురించి ఇరుపక్షాలూ గంటలకొద్దీ బోధించగలవు. కొండ గ్రామాల సంగతి మాత్రం రెండో కమిటీ చూస్తోందని మొదటి కమిటీ, మొదటిది చూస్తోందని రెండోదీ పరిపూర్ణంగా విశ్వసించాయి. ఫల్గుణకు ఇదంతా తెలియదు. ఒక తాళం ఉంటే మనిషి లేడని అర్థం, రెండున్నాయంటే బాగా దూరం వెళ్లాడని అర్థం అనుకుని తిరిగొచ్చాడు.

ఆ తర్వాత కబురు వరహాలు చేతిలో పెట్టాడు. వరహాలు సాలూరు వ్యాపారి. ఘాటీ రోడ్డు మీద వారం వారం జరిగే సంతకు వచ్చి చింతపండూ కొండచీపుళ్లూ కొంటాడు. బొద్దు మనిషి, దైవభక్తుడు, ఎవరి మనసూ నొప్పించలేని స్వభావం. ఏటా ఫాల్గుణమాసంలో ఫల్గుణ అతని దగ్గర నిలబడి, మామిడి కొత్త వస్తోందని అయ్యగారికి చెప్పమనేవాడు. మరుసటి సంతకు వరహాలు, "సెప్పాన్రా. మామిడి కొత్తకి వస్తానన్నారు," అనేవాడు. ఒక ఏడు ఇంకొంచెం చేర్చి, "నిన్ను బాగా గుర్తు సేసుకున్నార్రా," అన్నాడు. ఫల్గుణ ఆ మాటను ఐదు గంటల దారీ మోసుకుపోయి సోములమ్మకు అప్పజెప్పాడు. ఆ ఏడు మడుగు మామూలుకంటే జానెడు లోతుగా కట్టారు.

ఊళ్లో దానికి అయ్యగారి మడుగు అని పేరు పడింది. అయ్యగారు తప్ప అందరూ దాన్ని వాడుకున్నారు. గేదెలు పగలంతా అందులోనే ఉండేవి. భీముడు మామిడి కొత్త పూజకు ముందు స్నానం అందులోనే చేసేవాడు. సోని పిల్లగుంటగా ఉన్నప్పుడు ఏటా చైత్రంలో పది రోజులు మేనమామ ఇంట్లోనే పడుకుంటానని పట్టుబట్టేది. మూతికి పసుపుపచ్చని మరకలతో తిరిగొచ్చేది. తండ్రి ఆ మరకలను గురించి ఎన్నడూ విచారణ జరపలేదు.

నిజమైన కష్టం మామిడికాయ తినకపోవడం కాదు, వానాకాలం. ఇంట్లో గింజలైపోయిన ఆషాఢ శ్రావణాల్లో కొండవాళ్లు మామిడి టెంకల్లోని జీడిని ఎండబెట్టి దంచి, ఆ పిండితో అంబలి కాచుకుంటారు. రుచికి కాదు, కడుపులోకి ఏదో ఒకటి దిగాలి కనక. సోములమ్మ ఒక ఏడు ఈ విషయం కదిపింది. అయ్యగారు ఆగమన్నది పండుకు గదా, టెంక పండు కాదు గదా అంది. ఫల్గుణ మూడు రోజులు ఆలోచించాడు. టెంక పండు లోపలే ఉంటుంది కనక అదీ పండే అని నాలుగో రోజు తీర్పు చెప్పాడు. సోములమ్మ ఆ తీర్పు విని, అడవికి పోయి దుంపలు తవ్వుకొచ్చింది. దుంపలు దొరకని రోజు ఇద్దరూ నీళ్లు తాగి, స్తోత్రం చెప్పి పడుకున్నారు.

ఆదివారాలు మాత్రం తప్పలేదు. పాస్టరు గారు వదిలి వెళ్ళిన సువార్త పుస్తకం ఒకటుండేది. రాత్రిబడి చలవ వల్ల ఫల్గుణ కూడబలుక్కుని చదవగలడు. చెదలు ఆ పుస్తకాన్ని చివరినుంచి తినుకుంటూ వచ్చాయి. 2000 నాటికి ప్రభువును శిలువ వేయడం దాకా మిగిలింది. లేవడం చెదలు తిన్నాయి. ఫల్గుణ శిలువ దాకా చదివి, పుస్తకం మూసి, లేవడం నోటితో చెప్పేవాడు. వినడానికి సోములమ్మ ఒక్కతే. ఆమె గడప దగ్గరే కూర్చునేది. ఇంకా మునగలేదు కనక లోపలిదాకా రావడానికి హక్కు లేదని ఆమె ఉద్దేశం. లోపలికి రమ్మని ఫల్గుణ కొన్నాళ్లు పిలిచాడు. తర్వాత తనే గడప వైపు జరిగి కూర్చోవడం మొదలుపెట్టాడు.

2005 చైత్రంలో, మడుగుకు రాళ్లు మోస్తూ సోములమ్మ కూలబడింది. జ్వరం. నాలుగో రోజుకు కళ్లు పచ్చబడ్డాయి, పొట్ట ఉబ్బింది. భీముడు దేవతకు కోడి కోసి చూస్తానన్నాడు. ఫల్గుణ వద్దన్నాడు. బావాబావమరుదులు ఒక పూట మాట్లాడుకోలేదు. సోములమ్మ ఇద్దర్నీ చూసి, మొగుణ్ణి దగ్గరికి పిలిచింది.

"నువ్వెళ్లి తే," అంది.

"వరహాలు సావుకారితో సెప్పాను. వత్తానన్నారంట."

"ఏటేటా వత్తానే ఉన్నారు. నువ్వెళ్లి తే. ఈపాలి నాకు ఆగడానికి నేదు."

పద్నాలుగేళ్లలో ఆమె పెట్టిన మొదటి గడువు అది. ఫల్గుణ ఆ మధ్యాహ్నమే కొండ దిగాడు.

మర్నాడు పొద్దున్న సాలూరులో నేరుగా వరహాలు కొట్టుకు వెళ్ళి, అయ్యగారి ఇల్లు చూపించమన్నాడు. వరహాలు ముందు కాఫీ తాగమన్నాడు. తర్వాత ఎండ తగ్గనీమన్నాడు. తర్వాత ఇంక ఏమీ తోచక, చెప్పులేసుకుని బయల్దేరాడు. పదేళ్లుగా ఏటా వెళ్ళివస్తున్న ఇంటికి దారి రిక్షా అతన్ని అడిగాడు. రిక్షా అతను సోడా బండి అతన్ని అడిగాడు. ఫల్గుణ వెనకే నడుస్తున్నాడు. మూడో మనిషిని అడిగేటప్పటికి అతనికి అర్థమైంది.

"ఒక్కసారైనా సెప్పారా సావుకారూ?" అన్నాడు.

వరహాలు రోడ్డు మధ్యలో నిలబడి పైకండువాతో మొహం తుడుచుకున్నాడు. "మొదటి ఏడు కనుక్కున్నాన్రా. ఎక్కడికో బదిలీ అయిపోయారన్నారు. ఆ మాట నీకు సెప్పబుద్ధి కాలేదు. నువ్వలా సూసేవోడివి మరి."

నాలుగో మనిషిని ఫల్గుణే అడిగాడు.

సత్యనారాయణ గారు మైదానంలో నాలుగు సంఘాలు తిరిగి, పక్షవాతం వచ్చి, రిటైరై, రెండేళ్లుగా సాలూరులోనే కొడుకు ఇంట్లో ఉంటున్నారు. వీళ్లు వెళ్ళేసరికి వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నారు. కుడిచెయ్యి ఒళ్లో వేరే ఎవరిదోలా పడి ఉంది. కోడలు గిన్నెలో మామిడి ముక్కలు పెట్టి వెళ్ళింది. ఆయన ఎడంచేత్తో ఒక ముక్క తీసుకున్నారు. ప్రార్థన చేస్తారేమోనని ఫల్గుణ చూశాడు. ఆయన చెయ్యలేదు. రసం మూతి వంకరలోంచి గడ్డం మీదికి కారుతుంటే నెమ్మదిగా నమిలి మింగారు. ఫల్గుణ రెండో ముక్కకీ చూశాడు.

తర్వాత చెప్పుకున్నాడు. పనసగుడ, మడుగు, సోములమ్మ, జ్వరం, కొత్త. పాస్టరు గారికి ఊరు గుర్తొచ్చింది, మడుగు గుర్తొచ్చింది. మామిడి మాట గుర్తు రాలేదు.

"నేనన్నానా?" అన్నారు. మాట ముద్దగా వస్తోంది. "నేనన్నది విగ్రహాలకు పెట్టినవి తినొద్దని నాయనా. మీ చెట్టు కాయలు మీరు తినడానికి నేనెందుకు? మీరెవరు ప్రార్థన చేసుకున్నా చాలు."

పద్నాలుగు చైత్రాల తపస్సు ఈ విధంగా, భగవంతుడి ప్రమేయం గానీ సైతాను ప్రమేయం గానీ లేకుండా, ఒక అర్ధవాక్యం పొరపాటుగా తేలింది. ఫల్గుణ దాన్ని అక్కడే వదిలేశాడు.

"మామిడి మాట సరే అయ్యగారూ. దానికి బాప్తిస్మమివ్వాల. అది బతకదు."

"నేనెలా వస్తాను నాయనా, నడవలేనివాణ్ణి?"

"డోలీ కడతాను."

రోగుల్ని కొండ మీంచి కిందికి దించడానికి కొండవాళ్లు డోలీ కడతారు. వెదురుబొంగుకు దుప్పటి ఉయ్యాలలా కట్టి, అటొకరు ఇటొకరు మోస్తారు. డోలీలో కింది నుంచి పైకి మనిషి వెళ్లడం ఆ దారి ఎరగదు. కొడుకు ఒప్పుకోలేదు, కోడలు ఏడ్చింది. పాస్టరు గారు ఎడంచెయ్యి ఎత్తి ఇద్దర్నీ ఆపి, తన పాత బైబిలు తెమ్మన్నారు. వరహాలు ఎవరూ అడక్కుండానే మర్నాడు తెల్లవారుజాముకు లారీ మాట్లాడాడు. సంత మలుపు దగ్గర ముగ్గురు కొండవాళ్లు కలిశారు. దారికని వాళ్ల దగ్గర సొరకాయ బుర్రలో చోడి అంబలి, అంటే రాగి జావ, ఉంది. వరహాలు సీసాతో నీళ్లు తెచ్చాడు. తనూ వస్తానన్నాడు. ముప్ఫై ఏళ్లుగా కొండ సరుకు కొంటున్న మనిషి కొండ ఎక్కడం అదే మొదలు.

పైన పనసగుడలో ఆ పొద్దున్నే సోములమ్మకు స్పృహ తప్పుతూ వస్తూ ఉంది. భీముడు దిశారి. రోజులు లెక్కగట్టడం అతని వృత్తి. చెల్లెలికి ఎన్ని రోజులున్నాయో అతనికి తెలిసిపోయింది. కోడిని వదిలేసి దుప్పటి తీశాడు. దేవతలకూ దేవుడికీ సమానంగా దణ్ణం పెట్టి, సాలూరు ఆసుపత్రికని డోలీ కట్టించి, తనే ముందు బొంగు భుజానికెత్తుకున్నాడు.

రెండు డోలీలు దారి మధ్యలో, ఎండిపోయిన అడ్డతీగల మెరక మీద, మిట్టమధ్యాహ్నం ఎదురుపడ్డాయి. ఒకటి బతికించడానికి కిందికి వస్తోంది, ఒకటి రక్షించడానికి పైకి వెళ్తోంది. రెంటినీ పక్కపక్కన దించారు. అక్కడికి మడుగు రెండు గంటల దూరం పైన. కింది ఊట అరగంట. భీముడు తన తలగుడ్డ విప్పి చెల్లెలి మొహానికి నీడపట్టాడు.

ఫల్గుణ వంగి, "వచ్చారు," అన్నాడు.

సోములమ్మ కళ్లు తెరిచింది. "ఎవులు?"

"అయ్యగారు."

ఆమె తల తిప్పి, పక్క డోలీలో వంకరమూతితో పడుకున్న ముసలాయన్ని చాలాసేపు చూసింది. "ఈయనకీ బాగునేదేటి," అంది. కొంచెం నవ్వింది కూడా. "బేగి కానీండి."

ముంచడానికి అక్కడేమీ లేదని అందరికీ తెలుసు. పాస్టరు గారు చల్లుతానన్నారు. ఆ మాట ఆయన నోట అదే మొదలు. వరహాలు వైపు చెయ్యి చాచారు. వరహాలు సీసా తిరగేసి చూపించాడు. ఎక్కుతూ ఎక్కుతూ దాహానికి ఆగలేక, చివరి చుక్కతో సహా తనే తాగేశాడు. డోలీ మోసినవాళ్లలో ఒకడు సొరకాయ బుర్ర ముందుకు జరిపి, అంబలి ఉందన్నాడు. అందులోనూ నీళ్లే గదా ఎక్కువ అన్నాడు.

పాస్టరు గారు ఆ బుర్ర వైపు చూశారు. ముప్ఫై ఏళ్లు చల్లడానికి వ్యతిరేకంగా బోధించిన మనిషి, ఆ రోజు చల్లడం దాకా దిగారు. చోడి అంబలి దాకా దిగలేకపోయారు.

"నీళ్లు రానీండి," అన్నారు.

వరహాలు సీసా పట్టుకుని ఊట వైపు పరుగెత్తాడు. అంత లావు మనిషి అంత వాలులో పరుగెత్తడం చూడవలసిన దృశ్యమే గానీ ఎవరూ చూడలేదు. ఫల్గుణ భార్య చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. శిలువ నుంచి మొదలుపెట్టి, చెదలు తిన్న భాగమంతా ఆమె చెవిలో చెప్తూ వచ్చాడు. సమాధి రాయి దొర్లించి ఉందనే చోటికి వచ్చేసరికి ఆమె చెయ్యి బరువెక్కింది. భీముడు తలగుడ్డను నీడ పట్టడం మానేసి, మొహం మీద కప్పాడు. ఫల్గుణ ఆపలేదు, చివరిదాకా చెప్పాడు.

వరహాలు నీళ్లతో తిరిగొచ్చి, అందర్నీ చూసి, సీసా చేత్తో పట్టుకుని నిలబడిపోయాడు. పోయినవాళ్లకు బాప్తిస్మమివ్వడం ఆ చుట్టుపక్కల ఏ సంఘంలోనూ లేదు. ఫల్గుణ సీసా అందుకుని, తలగుడ్డ తీసి, ఆమె మొహం కడిగాడు. నుదుటినుంచి, నెమ్మదిగా, జుట్టు తడిసేదాకా. పాస్టరు గారు చూస్తూనే ఉన్నారు. అభ్యంతరం చెప్పలేదు. చెప్పగలిగే స్థితిలోనూ లేరు.

రెండు డోలీలూ కలిసి పనసగుడ ఎక్కాయి. ఇద్దరు పిల్లలున్న చోటనే సోములమ్మను పెట్టారు. సాయంత్రం మట్టి వేసేముందు పాస్టరు గారు ప్రార్థన చేశారు. ముద్దమాటలు సగం ఎవరికీ అర్థం కాలేదు. ఊరంతా వచ్చింది, తినేసిన నాలుగు కుటుంబాలతో సహా. సోని అత్తవారి ఊరు అవతలి కొండ మీద, ఆమెకు కబురందేసరికి అంతా అయిపోయింది. సావుకారు వరహాలు చేత్తో మన్ను వేసి, ఆ పూట అక్కడే భీముడి ఇంట్లో కొర్ర అన్నం తిన్నాడు.

మర్నాడు పొద్దున్నే పాస్టరు గార్ని దించాలి. డోలీలో పడుకోబెట్టాక ఆయన ఎడంచేత్తో ఫల్గుణ చొక్కా పట్టుకున్నారు.

"ఆ అంబలి..." అన్నారు.

ఫల్గుణ ఆ మాట సాగనివ్వలేదు. అతనికి కావలసింది వేరే ఉంది.

"అది లేత్తాదా అయ్యగారూ? ఆ రోజున. నేనున్న దిక్కుకే వత్తాదా?"

పాస్టరు గారికి ఇలాంటి ప్రశ్నలకు ముప్ఫై ఏళ్లుగా సమాధానాలున్నాయి. వాటిలో ఒకటి కూడా నోటికి రాలేదు. "నాకు తెలీదు ఫల్గుణా," అన్నారు. తర్వాత, "నీకంటే ముందు నేనే పోతాను గదా. పోయాక అడుగుతాను. నేనే అడుగుతాను. అడిగి నీకు..."

"అడగండి," అన్నాడు ఫల్గుణ. "కబురంపుతానని మాత్రం సెప్పకండి. సెప్పారంటే నేను సూత్తానే ఉంటాను."

పాస్టరు గారు చొక్కా వదిలారు. ఫల్గుణ ముందు వైపుకు వెళ్ళి, వంగి, బొంగు భుజం మీదికి ఎత్తుకున్నాడు. వెనక భీముడు ఎత్తుకున్నాడు. దిగుడు దారిలో ముందున్నవాడి మీదే బరువంతా పడుతుంది. అడుగులు చూసి వేయమని భీముడు వెనకనుంచి చెప్తూ ఉన్నాడు.